కల్పలత రాయని జాబు

అమ్మా కనుపర్తి వరలక్ష్మమ్మా! సూర్యలంక కెరటాల మీద ఉప్పుగాలి లేచి, సరుగుడు తోపుల్లో సన్నగా ఈలవేసి, భావనారాయణస్వామి గుడిని చుట్టి, బాపట్ల వీధుల్లోకి దిగుతోంది. ఆ గాలికి ఊళ్లో ప్రతి గడపా తెలుసు. ఏ ఇంట పురుటిపాప ఏడ్చిందో, ఏ ఇంట పెళ్లిసన్నాయి మోగిందో, ఏ ఇంట అర్ధరాత్రి దీపం కొండెక్కిందో దానికి ఎరుకే. నీ పేరు చెప్పి దారి అడిగితే మాత్రం తడబడి నిలుస్తుంది. ఏ వరలక్ష్మమ్మ అంటుంది. నీ ఊరి గాలి అడిగిన ఆ మాట నా గుండెలో ముల్లై దిగింది.

1896 అక్టోబరు 6న ఈ భావపురిలో, మన బాపట్లలోనే, పాలపర్తి శేషయ్య, హనుమాయమ్మల ఇంట నీవు కన్ను తెరిచావు. 1978 ఆగస్టు 13న కన్ను మూశావు. ఎనభై రెండేళ్లకు రెండు నెలలు తక్కువ. నిండుగా బతికి వెళ్లినవారికి శోకమేల అని పెద్దలంటారు. నిజమే, చావుకు ఏడ్చే కాలం ఎప్పుడో దాటిపోయింది. నేను ఏడ్చేది నీ ఉత్తరాల కోసం. తెలుగు ఆడపడుచులందరినీ ఒక్క నెచ్చెలిగా చేసుకుని, ఏళ్ల తరబడి నీవు రాసిన ఆ ఉత్తరాలకు ఇటునుంచి ఒక్క జాబైనా రాయని మా మరుపు కోసం.

నీ పెళ్లినాటికి నీకెంత వయసమ్మా? అది 1909. పన్నెండు నిండి పదమూడు నడుస్తున్న ప్రాయం. గచ్చకాయలు ఇంకా గుప్పిట్లోనే ఉండగా మెడలో పసుపుతాడు పడింది. వరుడు కనుపర్తి హనుమంతరావు, హెల్త్ ఇన్‌స్పెక్టరు. ఆ పెళ్లి నీకు సంకెల కాకపోవడం నీ అదృష్టం. నీ కలానికి అడ్డు చెప్పని మగడు దొరికాడు. కాని అదృష్టం ఒక్కరికి దక్కితే అది నీతి కాదని నీకు తెలుసు. నీతోపాటు ఆ పందిళ్లలోనే కూర్చున్న ఎందరో చిన్నారి పెళ్లికూతుళ్లు, కొందరు బాసికం వాడకముందే బాలింతలై, మరికొందరు బాలింతలు కాకముందే విధవలై, చీకటి కొట్ల గోడలకు కన్నీటితో సున్నం వేసిన సంగతి నీకు తెలుసు. నీ సుఖాన్ని సాక్ష్యంగా చూపి వారి దుఃఖాన్ని కొట్టిపారేసే కలం కాదు నీది.

నీ పెళ్లయిన నాలుగేళ్లకు, 1913 మే నెలలో, మన బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షత వహించారు. తెలుగువారికి ఒక రాష్ట్రం కావాలన్న కల ఈ ఇసుక నేల మీద నడక నేర్చింది. తలపాగాలు మెరిశాయి, ఉత్తరీయాలు ఎగిరాయి, తీర్మానాలు గర్జించాయి. తెలుగుజాతి మేలుకుందని పత్రికలు రాశాయి. జాతిలో సగం తలుపుచాటున నిలబడి ఉంది. ఆ సగానికి తన నేల ఏదో, తన నోరు ఏదో చెప్పవలసిన పని అప్పటికి ఎవరి తీర్మానంలోనూ చేరలేదు. ఆ పని కొన్నేళ్లకు నీ చేతికి వచ్చింది. నీవు వేదిక కోసం చూడలేదు. ఒక కాగితం తీసుకుని కూర్చున్నావు.

1919లో ‘సౌదామిని’ వచ్చింది. వింజమూరి వెంకటరత్నమ్మ నడిపిన ‘అనసూయ’ పత్రికలో, ఆంగ్ల కథకు నీవు కట్టిన తెలుగు చీర అది. ఒక స్త్రీ నడిపే పత్రికలో ఒక స్త్రీ కథ! గోదావరి సీమలో ఒకామె దీపం పట్టుకుంటే, కృష్ణ దిగువన ఇంకొకామె ఆ వెలుగులో వత్తి వెలిగించుకుంది. తొలిరచన అనువాదమైతేనేం? పెరటి మొక్క వేరొకరి అంటుతో మొదలైనా, పూసే పువ్వుకు ఈ నేల వాసనే వస్తుంది.

తర్వాత 1921 వచ్చింది. బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం కూడింది. కృష్ణ ఒడ్డుకు గాంధీ వచ్చాడు. ఆ దర్శనం నీ జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ ఏడు నీ చుట్టుపక్కల నేలంతా నిప్పుల మీద నడిచింది. దక్షిణాన చీరాల పేరాల ప్రజలు పురపాలక పన్ను కట్టబోమని ఇళ్లు విడిచి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట రామనగరంలో పాకలు వేసుకున్నారు. మీ తాలూకాలోని పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి మాట మీద రైతులు శిస్తు ఎగ్గొట్టి, సర్కారు జప్తులకు ఎదురు నిలిచారు. సర్కారు జీతం మీద నడిచే సంసారంలో ఉండి నీవు స్వరాజ్యం మాట రాశావు. ‘కుటీరలక్ష్మి’ కథలో విదేశీ బట్ట దెబ్బకు కుదేలైన ఇంటిని తీసుకున్నావు. మరమగ్గం మూలుగుకూ మన మగ్గం మౌనానికీ నడుమ ఒక ఇల్లాలిని నిలిపి, ఆమె చేతికి రాట్నం ఇచ్చావు. స్వదేశీ ఉద్యమం మగవారికి ఊరేగింపు, జెండా, జైలు. ఆ కథలో అది పొయ్యి మీది ఎసరు, పిల్లల కడుపు, ఆడదాని వేళ్ల కొసల్లో సాగే దారం. ఉద్యమానికి ఇంటిలోపలి ముఖం ఎలా ఉంటుందో చూపినది ఆ దారమే.

ఒక చిత్రం చెబుతాను, విను తల్లీ. నీకు ఆరేళ్లు చిన్నవాడు, నీ బాపట్లలోనే 1902లో పుట్టినవాడు, స్థానం నరసింహారావు. తెనాలి శ్రీరామవిలాస సభ రంగస్థలం మీద చీరకట్టి, జడ విసిరి, సత్యభామగా అలిగితే ఆంధ్రదేశమంతా ఒళ్లు మరిచింది. రోషనారగా, చిత్రాంగిగా, మధురవాణిగా అతడు కన్ను తిప్పితే కాసులు రాలాయి, కంకణాలు కదిలాయి. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆ మహానటుడి కళకు వేయి దండాలు. కాని ఆలోచించు. ఒకే ఊరి మట్టిలో పుట్టిన ఇద్దరు. మగవాడు ఆడవేషం కడితే వేయి దివిటీల వెలుగు. ఆడది ఆడదానిగా మాట్లాడాలంటే మారుపేరు. ఆంధ్రపత్రికలో ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ చెప్పినప్పుడు నీవు లీలావతివి. గృహలక్ష్మి పత్రికలో లేఖలు రాసినప్పుడు శారదవు. అతని ముసుగు కీర్తికి కిరీటమైంది, నీ ముసుగు మాటకు కవచమైంది. అతని అలుక ఈనాటికీ హార్మోనియం మెట్ల మీద పలుకుతూనే ఉంది. నీ ముచ్చట్లకు నీడనిచ్చిన ఆ చెట్టు ఎక్కడుందని అడిగేవారు లేరు.

ఇక ఆ లేఖల మాట. చెన్నపురిలో డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో మొదలుపెట్టిన ‘గృహలక్ష్మి’ నెలనెలా తెలుగు లోగిళ్లకు వచ్చేది. దానిలో శారద అనే ఆమె కల్పలత అనే నేస్తానికి ఉత్తరం రాస్తుంది. అంతే ఆ ప్రక్రియ. ఎంత చిన్న కిటికీ! దానిలోంచి ఎంత ఆకాశం! కుశలప్రశ్నతో మొదలైన జాబు చల్లగా చట్టసభల్లోకి నడిచిపోయేది. బాల్యవివాహం, విడాకుల హక్కు, స్త్రీవిద్య, అంటరానితనం, ఖద్దరు, మూఢనమ్మకం, మహిళాసభల తీరుతెన్నులు. ఏ పండితుడి ఉపన్యాసంలో విన్నా ఆవులింత వచ్చే విషయాలు, నీ జాబులో మాత్రం వాకిట్లో కూర్చుని పూలు కట్టుకుంటూ చెప్పుకునే కబుర్లై ప్రవహించేవి. ఉత్తరం అన్న రూపాన్ని నీవు ఊరకే ఎన్నుకోలేదు. వ్యాసం రాస్తే మగవాడు చదివి ఖండిస్తాడు. ఉత్తరం రాస్తే అది ఆడవారి మధ్య మాట. పరుల జాబు చదవకూడదన్న మర్యాద మగవాడిని గుమ్మం బయట నిలిపితే, ఆ గుమ్మం లోపల నీవు ఒక తరానికి తరాన్నే మేల్కొలిపావు.

1929 శరత్కాలం గుర్తుందా తల్లీ? ఆ సెప్టెంబరులో హరబిలాస్ శారదా తెచ్చిన బాల్యవివాహ నిరోధ బిల్లు నెగ్గింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండాలన్నారు. 1930 ఏప్రిల్ 1న చట్టం అమల్లోకి వచ్చింది. వైదిక సభలు మండిపడ్డాయి. శాస్త్రం చెడిందన్నారు, కులం చెడిందన్నారు. పన్నెండు పదమూడేళ్లకు తలవంచి తాళి కట్టించుకున్న నీవు, ఆ చట్టం పక్షాన నిలబడి కల్పలతకు రాశావు. నీకు జరిగిపోయినది ఇంకొకరికి జరగకూడదన్న వాదన కన్నా పుణ్యమైన వాదన ఏముంది? ఆ శరత్తులోనే, అక్టోబరులో, సముద్రాలకు ఆవల లండనులో వర్జీనియా వుల్ఫ్ ఒక చిన్న పుస్తకం వేసింది. ఆడది కథ రాయాలంటే చేతిలో సొంత డబ్బు, తలుపు గడియ వేసుకోగల సొంత గది ఉండాలన్నది ఆమె వాదన. లోకం ఆ పుస్తకాన్ని పాఠ్యం చేసుకుంది, పండుగ చేసుకుంది. మన విశ్వవిద్యాలయాల్లో ఆడపిల్లలు కూడా దానిని వల్లె వేస్తారు. వేయనీ. ఆమె మాట సత్యం. కాని ఆమె గది అడుగుతున్న వేళకే, గది మాట ఎరగని ఉమ్మడి లోగిళ్లకు, నీవు ఉత్తరం తీసుకెళ్లావు. గడియ వేసుకోవడానికి తలుపు లేనివారికి ఏం చేయాలో ఆమె చెప్పలేదు. పదిమంది మసిలే వసారాలో కూర్చుని చదువుకోగల జాబు రాసి, నీవు చేసి చూపావు. ఆమెను ఎరిగిన మా పిల్లలు నిన్ను ఎరగరు. ఈ సిగ్గు ఎవరిదమ్మా?

రాతతో ఆగితే నీవు రచయిత్రివి మాత్రమే. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టావు. జాబులో చెప్పిన మాటకు ఊళ్లోనే ఒక చాప పరిచి, కూర్చోండమ్మా అన్నావు. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం మొట్టమొదట నీ చేతికే తొడిగారు. లోధ్ర మందు అమ్మిన కేసరి గారి పత్రిక, ఆడవారి కలానికి బంగారం వేసిన మొదటి ఘడియ అది. ‘వసుమతి’ నవల రాశావు. ‘విశ్వామిత్ర మహర్షి’ రాశావు. ‘ద్రౌపదీ వస్త్రసంరక్షణం’, ‘సత్యాద్రౌపదీ సంవాదం’, ‘గాంధీ దండకం’ రాశావు. నిండుసభలో చీర లాగించుకున్న ద్రౌపది నీ కలానికి మళ్లీ మళ్లీ ఎందుకు ఎదురుపడిందో ఊహించడం కష్టమా? ఆమె ధర్మసందేహం అడిగితే భీష్ముడంతటివాడు తల దించుకున్నాడు. నీ తరం ఆడవారు అడిగినదీ ఆ సందేహమే. తల దించుకున్న భీష్ములు మాత్రం ఊరూరా ఉన్నారు. తర్వాత ఆకాశవాణి వచ్చింది. నీ గొంతు గాలిలో ప్రయాణించింది. కలం చేరలేని నిరక్షరాస్యుల ఇంటికి కంఠం చేరింది. రేడియోలో మాట్లాడిన తొలి తెలుగు మహిళల వరుసలో నీవున్నావు. ‘పెన్షను పుచ్చుకున్న నాటి రాత్రి’ వంటి కథలో, మధ్యతరగతి ఇంటిలో ఒక జీతం ఆగిన రాత్రిని తూచావు. దేశం, ద్రౌపది, పింఛను. ఇన్నిటికీ చోటున్న గుండె అది.

మరి ఎందుకు మరిచారు నిన్ను? ఈ దుఃఖాన్ని మోసుకుని తెనాలి దాకా రైలెక్కాను. ఆంధ్రా ప్యారిస్ అని తనకు తాను పేరు పెట్టుకుని మురిసే ఊరు. మూడు కాలువల గలగలలో నాటకం, సినిమా, హేతువాదం, కథ అన్నీ కలిసి పారిన ఊరు. ఇక్కడ పెరిగినవాడే చలం. 1894లో పుట్టి 1979లో వెళ్లాడు. నీకు రెండేళ్లు ముందు రాక, నీ మరుసటి ఏడాదే పోక. ఒకే కాలం మీ ఇద్దరికీ నేల పరిచింది. 1927లో అతని ‘మైదానం’ నవల పిడుగై పడింది. ఇల్లు కాల్చుకుని రమ్మన్నాడు అతడు. ఇంట్లో ఉండి కిటికీలు తెరవమన్నావు నీవు. పిడుగు చప్పుడు తరాలకు వినిపిస్తుంది. కిటికీ తెరిచిన చప్పుడు ఎవరి చెవిన పడుతుంది? ఆ కిటికీ గుండా వచ్చిన గాలి పీలుస్తూ, గాలి ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకుంటాం. నీవు గెలిచిన చోటల్లా నీ పేరు చెరిగిపోయింది. పిల్ల బడికి వెళ్లడం మామూలైంది, నీవు మరుగయ్యావు. ఆడది సభలో మాట్లాడటం మామూలైంది, నీవు మరుగయ్యావు. ఓడినవారికి కావ్యాలు రాసే జాతి, నెమ్మదిగా గెలిచినవారికి చరిత్ర రాయడం మరిచింది. మగవాడు తిరుగుబాటు రాస్తే యుగం అన్నారు. ఇల్లాలు సంస్కరణ రాస్తే ఇంటి కబుర్లన్నారు. సాహిత్యచరిత్రలో నీకు దక్కిన చోటు, పేర్ల పట్టీలో కామాకూ కామాకూ నడుమ ఉన్న సందు.

తెనాలి నుంచి ఒక కొమ్మదారి రేపల్లె వైపు విడిపోతుంది. వేమూరు దాటి, పచ్చని వరిచేల నడుమ, అరటితోటల నడుమ, అది కృష్ణ ఒడ్డుకు పోయి అంతమైపోతుంది. ఆ దారిలో భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వితే, రాతి బరిణెలు, వాటిలో ధాతువులు, వాటి మీద క్రీస్తుకు పూర్వపు అక్షరాలు బయటపడ్డాయి. తెలుగు లిపి పుట్టుక వెతికేవారందరూ ఆ రాళ్ల ముందు మోకరిల్లుతారు. ఆ బరిణెల తోటిదే ఒక ఆరుపలకల స్ఫటికం. దాని మీద కూడా సన్నని అక్షరాలు. నందపురపు స్త్రీలు ఇచ్చిన దానమని ఆ రాత సారం. రెండు వేల ఏళ్లకు పైబడి మట్టిలో మెరుస్తూ పడుకున్న మాట! ఇచ్చింది స్త్రీలని ఉంది, వారి పేర్లు లేవు. వరలక్ష్మమ్మా, నీవు ఎవరి వారసురాలివో నాకు అక్కడ తెలిసింది. ఈ డెల్టా ఆడవారు రాతిని అడగలేదు, రాజ్యం అడగలేదు. ఇచ్చారు, వెళ్లిపోయారు. నందపుర స్త్రీలకన్నా నీకు కలిగిన భాగ్యం ఒక్కటే. నీ పేరు ఇంకా చెరగలేదు. నీ కాగితాలు స్ఫటికాలు కావు గనుక, ఆ భాగ్యం ఎంతకాలమో చెప్పలేం.

రేపల్లెలో పట్టాలు ఆగిపోతాయి. అక్కడి నుంచి ముందుకు పోతే కృష్ణమ్మ, ఆవల దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది అక్కడికే. కడలి కట్టలు దాటి, ఊళ్లకు ఊళ్లను గుడిసెలతో సహా మింగి, వేలాది ప్రాణాలను తాటిచెట్ల తలల మీద, తుమ్మపొదల మీద వేలాడదీసి పోయింది. ఈ తీరమంతా ఏడ్చి ఏడ్చి ఎండిన కళ్లతో ఉండగానే, మరుసటి ఆగస్టులో నీవు వెళ్లావు. వేల చావుల తర్వాత వచ్చిన ఒక చావు. కన్నీరు అప్పటికే ఖర్చయిపోయింది. నీ వంతు బాకీ పడింది.

ఆ బాకీకి తోడు చెదలు. గృహలక్ష్మి పాత సంచికల పుటలు పసుపెక్కి, అంచులు పొడై, తాకితే చిట్లే స్థితికి వచ్చాయి. కొన్ని ఛాయాచిత్రాలై కంప్యూటరు తెరల మీద బతికి బయటపడ్డాయి. తెర మీద ఉత్తరం ఉంది, తెరిచే చేయి లేదు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా అయింది. రేపల్లె నీ జిల్లాలోకి వచ్చింది, తెనాలి గుంటూరులో ఉండిపోయింది. పటాల మీద గీతలు మారాయి, బోర్డుల మీద పేర్లు మారాయి.

మారనిది ఒకటుంది తల్లీ. ఇది విని నీవు ఏమంటావో! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవారిని అడిగింది. వారిలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పద్నాలుగు నిండాలన్న చట్టం వచ్చి తొంభై ఏళ్లు దాటింది. నిండవలసిన వయసు పద్దెనిమిదికి పెరిగింది. పదిమందిలో ముగ్గురు ఇంకా నీ 1909లోనే ఉన్నారు. పూలజడ అదే, పసుపుతాడు అదే, తల వంచుకున్న తీరు అదే. అయితే నీవు కిటికీ తెరిచావు, గాలి వచ్చింది, పని తీరిందని నేనన్న మాట సగమే నిజం. నిన్ను మరిచింది నీవు పూర్తిగా గెలిచినందుకు కాదు. పూర్తిగా గెలిచామని మేము అబద్ధం చెప్పుకున్నందుకు. గెలిచిన యుద్ధానికి సేనాని అక్కరలేదని సెలవిచ్చి పంపేశాం. యుద్ధం ఇంకా పెళ్లిపందిరి కింద నడుస్తూనే ఉంది.

అందుకే ఇక ఏడుపు చాలిస్తాను. శోకం ఇంపైన చోటు, అక్కడ కూర్చుంటే లేవబుద్ధి కాదు. నీకు విగ్రహం కావాలని అడగను, వీధికి నీ పేరు పెట్టమని అడగను. రాతికీ రేకుకూ నీవు ఏనాడూ ఉత్తరం రాయలేదు. నీవు రాసింది కల్పలతకు. ఆ కల్పలత ఎవరో ఈ దేశానికి తెలుసు. ఆమె తొమ్మిదో తరగతి చదువుతోంది, సెలవుల్లో ఇంట్లో సంబంధం మాట వినపడుతోంది. ఆమె చేతికి నీ శారద లేఖలు అందాలి. బళ్లలో, హాస్టళ్లలో, ఊరి గ్రంథాలయపు బీరువాలో, నేటి తేట తెలుగు అచ్చులో, చేతికందే ధరలో. చదివి ఆమె జాబు రాస్తుంది. ‘నాకు ఇప్పుడే పెళ్లి వద్దు’ అన్న నాలుగు మాటలే ఆ జాబైతే చాలు. అది ముందు ఆమె నాన్నకు చేరాలి. ఆ మాట చెల్లిన రోజున, శారద రాసిన మొదటి ఉత్తరానికి బదులు ముట్టినట్టే.